వంతెన లేచిన ఊరు

న్యూయార్కు రాష్ట్రంలో ఫెయిర్‌పోర్టు ఒక చిన్న పట్టణం. 1825లో ప్రారంభమైన ఈరీ కాలువ దాని నడుమగా సాగుతుంది. కాలువపై 1914 నాటి ఉక్కు వంతెన ఒకవైపు వాలి ఉంటుంది. దానిలో ఏ రెండు కోణాలూ సమానం కావని చెబుతారు. ఎత్తయిన పడవ వస్తే వంతెన మొత్తంగా పైకి లేస్తుంది. వాహనాలు ఇరువైపులా నిలిచిపోతాయి. మా కొరకూ నిలిచాయి. ఎవరూ విసుగుకొనలేదు.

రేవులో మావారు విసిరిన తాడు రెండుసార్లు నీళ్లలో పడింది. చేతుల వణుకు. ఆ ప్రయాణం కాగానే పడవను అమ్మివేయాలని ముందే నిశ్చయించుకొన్నాము. మూడవమారు గట్టుమీది కుర్రవాడొకడు వంగి తాడందుకొని, మారుమాటాడక ముడివేశాడు. మరునాడు వాడి తల్లి రొట్టె పంపింది.

ఒక్క రాత్రికని ఆగినవారం నాలుగు రోజులున్నాము. బయలుదేరేటప్పుడు తాడు విప్పుతూ మావారు, "వచ్చే ఏడు కాస్త ముందుగానే రావాలి" అన్నారు.