ఫ్రెంచ్‌కి ఇంగ్లిష్ మీదుగానే వెళ్లాలా?

శ్రీకాకుళం కాంప్లెక్స్‌లో విశాఖ బస్సెక్కే ముందు ‘ఎంతసేపు పడతాది?’ అని అడగని వారుండరు. అదే ప్రశ్న ఫ్రెంచ్‌లో అడగమంటే మాత్రం ‘ఇంగ్లిషే సరిగా రాదు, ఇంక ఫ్రెంచా!’ అని చాలామంది వెనక్కి తగ్గుతారు. ఈ ఒక్క ప్రశ్నను పట్టుకుని చూడండి. తెలుగు మీడియంలో చదివిన మీకు ఫ్రెంచ్ అనుకున్నంత దూరంలో లేదని తెలుస్తుంది.

‘కోఁబ్యాఁ ద తాఁ ద్యూర్ ల వ్వాయాజ్?’ ప్రయాణానికి ఎంత సమయం పడుతుంది అని దీనర్థం. కోఁబ్యాఁ అంటే ఎంత, తాఁ అంటే సమయం, ద్యూర్ అంటే పట్టడం, వ్వాయాజ్ అంటే ప్రయాణం. అరసున్న ఉన్నచోట ముక్కుతో పలకాలి.

ప్రశ్న బట్టీ పట్టొచ్చు. అసలు పరీక్ష జవాబు అర్థం చేసుకోవడంలోనే. ‘దోజర్’ అంటే రెండు గంటలు. ప్రయాణానికి పట్టే రెండు గంటలైనా, గడియారంలో రెండు గంటలైనా ఫ్రెంచ్‌లో అదే మాట. ఇంగ్లిష్‌లో రెండింటికీ వేర్వేరు మాటలున్నాయి. మనం మాత్రం ‘రెండు గంటలైంది’, ‘రెండు గంటలు పట్టింది’ అని ఒకే మాట వాడుతున్నాం కదా! రెండు వారాలను ఫ్రెంచివాళ్లు ‘క్యాఁజ్ జూర్’, అంటే పదిహేను రోజులు అంటారు. మనమూ అంతే. పరిచయం లేనివారిని ‘వు’ అని, దగ్గరివారిని ‘త్యు’ అని పిలుస్తారు. మీరు, నువ్వు అనే తేడా ఉన్న భాషలో పెరిగిన వారికి ఇది కొత్త పాఠమేమీ కాదు.

తెలుగు మనల్ని తికమక పెట్టే చోటు కూడా ఉంది. ‘రెండు గంటల్లో వెళ్తుంది’ అంటే ప్రయాణానికి రెండు గంటలు పడుతుందనా, ఇంకో రెండు గంటలకు బయల్దేరుతుందనా? ఫ్రెంచ్‌లో ఈ సందిగ్ధం లేదు. పట్టే సమయమైతే ‘ఆఁ దోజర్’, ఇప్పటి నుంచి రెండు గంటల తర్వాతైతే ‘దాఁ దోజర్’, సరిగ్గా రెండు గంటలకైతే ‘ఆ దోజర్’. హోటల్ రిసెప్షన్‌లోనో విమానాశ్రయం కౌంటర్‌లోనో మీరు ఈ మూడూ తారుమారు చేస్తే ఎదుటివారి బండి తప్పిపోతుంది. నేర్చుకోవాల్సింది పదాల జాబితా కాదు, ఇలాంటి తేడాలు.

ఫ్రెంచివారు మన నేలకు కొత్త కాదు. 1753లో శ్రీకాకుళంతో సహా ఉత్తర సర్కార్లు వారి చేతికొచ్చాయి. 1757 బొబ్బిలి యుద్ధంలో బుస్సీ సేనలే దిగాయి. ఇప్పటి సంగతికొస్తే, భోగాపురం విమానాశ్రయం చేపట్టింది రాజాంలో పుట్టిన గ్రంథి మల్లికార్జునరావు స్థాపించిన జీఎంఆర్. పారిస్ విమానాశ్రయాలను నడిపే గ్రూప్ ఏడీపీకి 2020 నుంచి జీఎంఆర్ ఎయిర్‌పోర్ట్స్‌లో వాటా ఉంది. అంతమాత్రాన ఫ్రెంచ్ వస్తే అక్కడ ఉద్యోగం ఖాయమని ఎవరైనా చెబితే నమ్మకండి.

‘నెల రోజుల్లో ఫ్రెంచ్’ అనే కోర్సుకు డబ్బు కట్టే ముందు ఒక లెక్క తెలుసుకోండి. ఫ్రాన్స్ విద్యాశాఖ ఇచ్చే డెల్ఫ్ ధ్రువపత్రంలో ఏ1, ఏ2, బీ1, బీ2 అని నాలుగు స్థాయిలు. ప్రయాణ సమయం అడిగి తెలుసుకోవడం మొదటి మెట్లలోనే వస్తుంది. భాషతో బతికే ఉద్యోగాలకు సాధారణంగా బీ2 దాకా వెళ్లాలి. అది నెలల పని కాదు, ఏళ్ల పని. డిగ్రీ మొదటి ఏడాదిలో ఉన్నవారికి ఆ టైముంది. ఆఖరి సెమిస్టర్‌లో ఉన్నవారు ముందు చేతిలో ఉన్న ఉద్యోగ ప్రయత్నాలు చూసుకుని, దీన్ని పక్కన కొనసాగించడం మేలు.

ఈ వారం ఒక పని చేయండి. పలాస, ఆమదాలవలస, విజయనగరం, పార్వతీపురం నుంచి విశాఖకు ఎంతసేపు పడుతుందో ఫ్రెంచ్‌లో అడిగి, మీరే జవాబు చెప్పుకోండి. ‘ఆఁ’, ‘దాఁ’, ‘ఆ’ తడబడకుండా వస్తే, అప్పుడు కోర్సు ఫీజు గురించి ఆలోచించొచ్చు.