ఏ పేజీ దగ్గర ఆగిపోయారు?

కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో కాలిక్యులస్ చెప్పే జేమ్స్ స్టీవార్ట్‌తో ఒకసారి ఆయన విద్యార్థులే అన్నారట: క్లాసుకు పెట్టిన పుస్తకం కన్నా మీ నోట్సే నయం, మీరే ఒక పుస్తకం రాయకూడదా అని. ఇంకో మాస్టారైతే నవ్వి ఊరుకునేవారేమో. స్టీవార్ట్ మాత్రం ఏళ్ల తరబడి కూర్చుని రాశారు. 1987లో పుస్తకం అచ్చయింది. కొన్నేళ్లకే అమెరికా, కెనడా కాలేజీల్లో కాలిక్యులస్ అంటే స్టీవార్ట్ అనేంతగా పాకిపోయింది. వచ్చిన రాయల్టీలతో ఆయన టొరంటోలో కోట్ల డాలర్ల ఖర్చుతో ఇల్లు కట్టుకున్నారు. ఆయన వయొలిన్ కళాకారుడు కూడా, అందుకే ఆ ఇంట్లో ఒక కచేరీ హాలు ఉంది. ఇంటి పేరు ఇంటిగ్రల్ హౌస్.

విద్యార్థుల మాట మీద పుట్టిన ఈ పుస్తకాన్ని తర్వాతి తరాల విద్యార్థులు ఊరికే వదల్లేదు. వాళ్ల ఫిర్యాదుల్లో కొన్ని అక్షరాలా నిజం. కొన్ని అంత నమ్మదగ్గవి కావు. ఏవి ఏమిటో విడదీసి చూసుకోవడం, ఆంధ్రప్రదేశ్‌లో ఇంటర్ పుస్తకాలు మారిన ఈ సమయంలో మనకూ పనికొస్తుంది.

అన్నిటికన్నా గట్టిగా వినిపించిన ఫిర్యాదుకు గణితంతో సంబంధమే లేదు. అది ధర. 2004లో అమెరికా విద్యార్థి సంఘాలు పాఠ్యపుస్తకాల ధరలపై ఒక నివేదిక తెచ్చాయి. స్టీవార్ట్ పుస్తకం అమెరికాలో 125 డాలర్లు, అదే పుస్తకం బ్రిటన్‌లో 65 డాలర్లు అని అందులో లెక్క చూపించాయి. అనవసరంగా కొత్త ఎడిషన్లు తేవడం మానండంటూ 700 మందికి పైగా గణిత, భౌతిక శాస్త్ర అధ్యాపకులు అదే ఏడాది ప్రచురణ సంస్థకు ఉత్తరం రాశారు. కాలిక్యులస్ న్యూటన్, లైబ్‌నిట్జ్ 17వ శతాబ్దంలోనే తేల్చిపెట్టిన విషయం. ఎక్స్ స్క్వేర్ అవకలజం అప్పుడూ 2ఎక్సే, ఇప్పుడూ 2ఎక్సే. అయినా ఆ పుస్తకానికి 2020 నాటికి తొమ్మిది ఎడిషన్లు వచ్చాయి. స్టీవార్ట్ 2014లోనే చనిపోయారు. తొమ్మిదో ఎడిషన్‌ను వేరే ఇద్దరు రచయితలు సిద్ధం చేశారు.

కొత్త ఎడిషన్ వస్తే నష్టమేమిటనిపించవచ్చు. సెకండ్ హ్యాండ్‌లో పాత పుస్తకం కొనుక్కున్న కుర్రాడిని అడగాలి. మాస్టారు హోంవర్కుగా 37వ లెక్క ఇస్తారు. పాత పుస్తకంలో 37వ లెక్క వేరే. పాఠం అదే, లెక్కల వరస మారింది, అంతే. దీనికి తోడు పుస్తకం చివర బేసి సంఖ్య లెక్కలకే జవాబులుంటాయి. పూర్తి సాధనలు కావాలంటే ఇంకో పుస్తకం, ఆన్‌లైన్ హోంవర్కుకు విడిగా డబ్బు కట్టి తీసుకునే కోడ్. ఇవన్నీ ఎవరైనా పుస్తకం తెరిచి సరిచూసుకోగల విషయాలు. ఇక్కడ విద్యార్థి చెప్పింది నూటికి నూరు పాళ్లూ సాక్ష్యమే.

ధరల గొడవలో మన దేశానికీ పాత్ర ఉంది. అమెరికా పుస్తకాల ఇండియన్ ఎడిషన్లు పలచటి కాగితం మీద, పలచటి అట్టతో, చాలా తక్కువ ధరకు దొరుకుతాయి. ఈ ప్రాంతంలోనే అమ్మాలని అట్ట మీదే రాసి ఉంటుంది. చదువుకోసం అమెరికా వెళ్లే తెలుగు పిల్లల సూట్‌కేసుల్లో ఆవకాయ సీసా పక్కన ఇవి ఏళ్లుగా ప్రయాణిస్తూనే ఉన్నాయి. కార్నెల్‌లో చదివిన ఒక థాయ్‌లాండ్ విద్యార్థి, అక్కడి బంధువులతో చవక ఎడిషన్లు కొనిపించి తెప్పించుకుని అమెరికాలో అమ్మాడు. జాన్ వైలీ సంస్థ దావా వేసింది. 2013లో అమెరికా సుప్రీంకోర్టు ఆరుగురు న్యాయమూర్తుల మెజారిటీతో విద్యార్థి పక్షాన తీర్పు చెప్పింది. చట్టబద్ధంగా కొన్న పుస్తకాన్ని, అది ఏ దేశంలో అచ్చయినా సరే, తిరిగి అమ్ముకోవచ్చన్నది దాని సారాంశం.

ధర సంగతి అలా ఉంచితే, పుస్తకం బాగుందా? ఇక్కడే అభిప్రాయాలు రెండుగా చీలతాయి.

స్టీవార్ట్ పుస్తకంలో ఒక ఉదాహరణ చాలామందికి గుర్తుండిపోతుంది. టొరంటోలోని సీఎన్ టవర్ మీద 450 మీటర్ల ఎత్తు నుంచి బంతి వదిలారు. సరిగ్గా ఐదో సెకనులో దాని వేగమెంత? ఒక్క క్షణంలో బంతి కదలదు, కదలకపోతే వేగమేమిటి? అందుకని ఐదు నుంచి ఆరు సెకన్ల మధ్య సగటు వేగం చూడాలి: 53.9. ఐదు నుంచి 5.1 దాకా చూస్తే 49.49. ఐదు నుంచి 5.01 దాకా 49.049. ఆ అంతరం తగ్గేకొద్దీ వేగం సెకనుకు 49 మీటర్ల వైపు జరుగుతోందని పట్టిక చూస్తేనే అర్థమవుతుంది. అవధి అంటే ఏమిటో ఇంతకన్నా సులువుగా చెప్పడం కష్టం. అదే పుస్తకంలో కొన్ని పేజీల తర్వాత ఎప్సిలాన్, డెల్టాలతో అవధికి కచ్చితమైన నిర్వచనం వస్తుంది. చాలామంది అక్కడ ఆగిపోతారు. చాలా కాలేజీల్లో ఆ సెక్షన్‌ను దాటేసి ముందుకు వెళ్లిపోతారు కూడా. ఇంజినీరింగ్ విద్యార్థికి ఈ పుస్తకం స్పష్టంగా ఉంటుంది. గణితమే చదవాలనుకున్న వాడికి ఫార్ములా, దాని కింద సాల్వ్‌డ్ ఎగ్జాంపుల్, దాని కింద అలాంటివే ఇరవై లెక్కలు ఉన్న లావుపాటి గైడులా కనిపిస్తుంది. రెండూ నిజమే.

మైకేల్ స్పివాక్ 1967లో రాసిన కాలిక్యులస్‌కు దీనికి తలకిందులైన గతి పట్టింది. ప్రతి విషయాన్నీ నిరూపించి గానీ వదలని పుస్తకం అది. లెక్కలంటే ప్రాణమిచ్చేవాళ్లు దాన్ని నెత్తిన పెట్టుకుంటారు. మొదటి ఏడాది ఇంజినీరింగ్ విద్యార్థి చేతికిస్తే రెండో వారానికి మూసేస్తాడు.

వీటన్నిటికన్నా ముందు, 1910లో, సిల్వానస్ థాంప్సన్ అనే ఆంగ్ల ఎలక్ట్రికల్ ఇంజినీరు 'కాలిక్యులస్ మేడ్ ఈజీ' అని ఒక చిన్న పుస్తకం రాశారు. మొదట తన పేరు కూడా పెట్టుకోలేదు, రాయల్ సొసైటీ ఫెలో అని మాత్రం వేసుకున్నారు. ఆయన పద్ధతి తమాషాగా ఉంటుంది. డీఎక్స్ అంటే ఎక్స్‌లో ఒక చిన్న ముక్క. దాని వర్గం అంటే చిన్న ముక్కలో మళ్లీ చిన్న ముక్క, అంత చిన్నదాన్ని లెక్కలోంచి తీసిపారేయొచ్చు. ఏ అధికారంతో తీసిపారేశావని గణితజ్ఞులు అడుగుతారు, ఆ ప్రశ్న న్యాయమైనదే. కానీ వందేళ్లు దాటినా ఆ పుస్తకం అచ్చులోనే ఉంది. అవధి సిద్ధాంతానికి భయపడి కాలిక్యులస్ వదిలేసిన ఎంతోమంది దానితోనే మళ్లీ మొదలుపెట్టారు. థాంప్సన్ పాఠకుణ్ని మోసం చేశారని ఈ వ్యాసకర్త అనుకోవడం లేదు. తలుపు తీశారు, లోపలికి వెళ్లాక గోడలు ఎలా నిలబడ్డాయో ఇంకెవరైనా చెప్పాలి.

చిక్కు ఎక్కడంటే, సులువుగా అనిపించడమూ నేర్చుకోవడమూ ఒకటే అని విద్యార్థి సహజంగా అనుకుంటాడు. స్వీడన్‌లోని ఉమియో విశ్వవిద్యాలయానికి చెందిన యోహాన్ లిథ్నర్ కాలిక్యులస్ పుస్తకాల్లోని అభ్యాసాలను ఒక్కొక్కటిగా పరిశీలించి 2004లో ఫలితం ప్రకటించారు. సుమారు 70 శాతం లెక్కలను ఆలోచించాల్సిన పని లేకుండా, పైన ఇచ్చిన ఉదాహరణను వెతికి, అంకెలు మార్చి చేసేయొచ్చని తేలింది. అలాంటి పుస్తకం విద్యార్థికి నచ్చకుండా ఎలా ఉంటుంది? సాయంత్రానికల్లా లెక్కలన్నీ వచ్చేస్తాయి.

నచ్చడానికీ నేర్వడానికీ ఉన్న దూరాన్ని బాగా కొలిచిన చోటు అమెరికా ఎయిర్‌ఫోర్స్ అకాడమీ. అక్కడ అందరూ కాలిక్యులస్ చదవాల్సిందే. ఎవరు ఏ మాస్టారి సెక్షన్‌లో పడతారన్నది విద్యార్థి చేతిలో ఉండదు. సిలబస్ ఒకటే, పరీక్ష ఒకటే, తర్వాత చదవాల్సిన పై కోర్సులూ అందరికీ తప్పనిసరి. పరిశోధకులు కలలు కనే ఏర్పాటు ఇది. స్కాట్ కారెల్, జేమ్స్ వెస్ట్ అనే ఆర్థికవేత్తలు పది వేల మందికి పైగా విద్యార్థుల రికార్డులు తీసి, 2010లో తమ విశ్లేషణ ప్రచురించారు. ఆ సెమిస్టర్‌లో మంచి మార్కులు తెప్పించిన మాస్టార్లకు విద్యార్థులు మంచి రేటింగ్ ఇచ్చారు. ఇంతవరకు ఎవరైనా ఊహించేదే. కానీ అదే విద్యార్థులు కాలిక్యులస్ రెండో భాగానికి, ఆ పై కోర్సులకు వెళ్లాక వెనకబడ్డారు. మొదట కాస్త తక్కువ మార్కులు, తక్కువ రేటింగ్ తెచ్చుకున్న అనుభవజ్ఞుల దగ్గర చదివినవాళ్లు పై కోర్సుల్లో మెరుగ్గా చేశారు. 2019లో హార్వర్డ్ భౌతికశాస్త్ర తరగతుల్లో లూయీ డెలోరియె బృందం చేసిన ప్రయోగంలోనూ ఇలాంటిదే బయటపడింది. తామే తలబద్దలు కొట్టుకుని లెక్కలు చేసిన విద్యార్థులు ఎక్కువ నేర్చుకున్నారు, తక్కువ నేర్చుకున్నామని చెప్పారు. సాఫీగా సాగిన ఉపన్యాసం విన్నవాళ్లది సరిగ్గా దీనికి వ్యతిరేకం.

ఇవి మాస్టార్ల గురించిన అధ్యయనాలే, పుస్తకాల గురించినవి కావు. అయినా అచ్చయిన పాఠం విషయంలో విద్యార్థి మనసు వేరేగా పనిచేస్తుందని అనుకోవడానికి కారణం కనబడదు.

ఇవి చూపించి పిల్లల అభిప్రాయంతో పనేముంది అనేవాళ్లు మన దగ్గర తక్కువేమీ కాదు. ఆ వాదన తప్పు. బాగుందా, బాగాలేదా, అయిదులో ఎన్ని మార్కులిస్తావు అని అడగడంలో ఉంది లోపం. మూడో స్టెప్ నుంచి నాలుగో స్టెప్ ఎలా వచ్చిందో అర్థం కాలేదని విద్యార్థి చెబితే, అది అభిరుచి కాదు, సమాచారం. పాతికేళ్లుగా పాఠం చెబుతున్న ప్రొఫెసర్‌కు ఆ ఖాళీ కనబడదు, ఆయన కళ్లు దాన్ని వాటంతటవే పూరించుకుంటాయి. రైస్ విశ్వవిద్యాలయం నడిపే ఓపెన్‌స్టాక్స్ ఈ రహస్యాన్ని పట్టుకుంది. ఎడ్విన్ హెర్మన్, ఎంఐటీకి చెందిన గిల్బర్ట్ స్ట్రాంగ్ ముఖ్య రచయితలుగా 2016లో అది తెచ్చిన కాలిక్యులస్ మూడు సంపుటాలు ఉచితం. ఎవరైనా, విద్యార్థి అయినా సరే, తప్పు ఫలానా చోట ఉందని పంపవచ్చు. దాన్ని పరిశీలించి దిద్దుతారు, ఏమేం దిద్దారో అందరికీ కనబడేలా పెడతారు.

మన ఇంటర్ గణితం పుస్తకం మీద అభిప్రాయాన్ని పరీక్షే తయారుచేస్తుంది. ఈఏపీసెట్‌లో మూడు గంటల్లో 160 ప్రశ్నలు, అందులో 80 గణితమే. ప్రశ్నకు నిమిషం చిల్లర. నిన్నమొన్నటి దాకా 1బి పేపరులో ఏడు మార్కుల ప్రశ్నలు ఏ అధ్యాయాల నుంచి వస్తాయో విద్యార్థులందరికీ కంఠతా వచ్చేది. ఈ రెండింటి మధ్య తెలుగు అకాడమీ పుస్తకం గురించి పిల్లలు అంటూ వచ్చిన మాట ఒకటే: బోర్డుకు చాలు, జేఈఈకి చాలదు. అవిచ్ఛిన్నత పాఠం ఎలా చెప్పారు, స్పర్శరేఖ బొమ్మ అర్థమైందా అన్న ప్రశ్నే పుట్టలేదు. చాలామంది రెసిడెన్షియల్ కాలేజీ విద్యార్థులు పాఠ్యపుస్తకం తెరవరు, కాలేజీ ఇచ్చే మెటీరియల్‌తోనే రెండేళ్లు గడిచిపోతాయి. ఆ మెటీరియల్‌లో నిరూపణ ఉండదు, షార్ట్‌కట్ ఉంటుంది. దానిపై సమీక్ష రాసేవారుండరు, తప్పులుంటే దిద్దమని అడగడానికి రచయిత పేరు కూడా ఉండదు.

2025-26లో ఆంధ్రప్రదేశ్ ఇంటర్ మొదటి ఏడాదిలో ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు ప్రవేశపెట్టి, గణితం ఎ, బి పేపర్లను ఒకటి చేశారు. జాతీయ పరీక్షలకు దగ్గరవుతుందన్న వాదన సబబే. అయితే కొత్త పుస్తకంలో అవధుల పాఠం తెలుగు మీడియం నుంచి వచ్చిన అమ్మాయికి ఎక్కడ కొరకబడలేదో చెప్పగలిగేది ఆ అమ్మాయే. ఇది రెండుసార్లు అడగాల్సిన విషయం. ఏడాది చివర ఒకసారి: ఏ పేజీలో, ఏ లెక్కలో ఆగిపోయావు, బయటపడటానికి ఎవరిని ఆశ్రయించావు? బీటెక్ రెండో సెమిస్టర్‌లో అవకలన సమీకరణాలు మొదలయ్యాక మరోసారి: ఇంటర్ పుస్తకంలో ఏది నిజంగా పనికొచ్చింది, ఏది మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాల్సి వచ్చింది? ఈ రెండో జవాబుకే ఎక్కువ బరువు ఇవ్వాలి. ఖర్చు పెద్ద సమస్య కాదు. 2025లో ఇంటర్ ఫలితాలను ప్రభుత్వం మన మిత్ర అనే వాట్సాప్ సేవ ద్వారా పిల్లల ఫోన్లలోనే అందుబాటులో ఉంచింది. మార్కులు చేరిన దారిలోనే ఈ ప్రశ్నలనూ పంపవచ్చు.