బస్తర్‌కు ఏ కోడి మేలు?

బస్తర్‌లో వారపు సంత కేవలం ఉప్పు, చింతపండు, ఇప్పపువ్వు చేతులు మారే చోటు కాదు. పొద్దు వాలుతుండగా సంతకు ఒక పక్కన దడి కట్టిన బరి చుట్టూ జనం మూగుతారు. చంకన పుంజులను పెట్టుకుని అడవి దారుల వెంట నడచివచ్చిన గిరిజనులు వాటికి జతలు చూస్తారు. కాలికి కత్తి కట్టి వదలిన పుంజులలో ఏదో ఒకటి నేలకొరగడానికి ఎంతోసేపు పట్టదు. ఓడిన కోడి గెలిచినవాని ఇంట కూరగా మారుతుంది. పగలు పదిమంది కళ్లూ పడిన పక్షి రాత్రికి ఆహారమవుతుందన్న మాట. గోదావరి జిల్లాల సంక్రాంతి బరులను ఎరిగిన తెలుగు పాఠకులకు ఈ దృశ్యం కొత్తదేమీ కాదు.

ఈ నేపథ్యంలో ఒక ప్రశ్న ఉత్పన్నమవుతోంది. గిరిజన కుటుంబాలకు పెరటి కోళ్ల ద్వారా ఆదాయం కల్పించదలచిన ప్రభుత్వం ఏ జాతిని ప్రోత్సహించాలి? మాంసానికీ అక్కరకు రావాలి, నలుగురిలో యజమానికి పేరూ తేవాలి. ఈ రెండు ప్రయోజనాలనూ ఒకే జాతిలో వెదకడం వింత కోరికేమీ కాదు. పాశ్చాత్య దేశాలలో కుందేళ్లను పెంచే చిన్న రైతులు సైతం న్యూజిలాండ్ వైట్, కాలిఫోర్నియన్ వంటి జాతులను ఈ లెక్కతోనే ఎంచుకుంటారు. ఒక ఈతలో పుట్టిన పిల్లలలో అవయవ పొందిక గల ఒకటి రెండు ప్రదర్శనకు వెళతాయి. మిగిలినవి మాంసానికి పోతాయి. ప్రదర్శనకు పనికిరానిది కూడా నష్టం కాకపోవడమే ఈ పద్ధతిలోని ఆర్థిక సూత్రం.

బస్తర్‌లో ఇప్పుడు మూడు రకాల కోళ్ల గురించి ప్రధానంగా ఆలోచించవలసి ఉంది. మొదటిది కడక్‌నాథ్. మాంసం, ఎముకలు సైతం నల్లగా ఉండే ఈ జాతి స్వస్థలం మధ్యప్రదేశ్‌లోని ఝాబువా ప్రాంతం. దంతెవాడ జిల్లాలో కొన్నేళ్లుగా దీని పెంపకాన్ని కృషి విజ్ఞాన కేంద్రం ద్వారా ప్రోత్సహించారు. దీనికి భౌగోళిక గుర్తింపు తమకే దక్కాలని దంతెవాడ సైతం పోటీపడింది. అయితే 2018లో ఆ గుర్తింపు ఝాబువాకే లభించింది. కొవ్వు తక్కువ, మాంసకృత్తులు ఎక్కువ అన్న ప్రచారంతో పట్టణాలలో దీనికి మంచి ధర పలుకుతున్న మాట వాస్తవమే. కానీ 20 వారాల వయసుకు అది తూగేది కిలోకు లోపే. పైగా ఈ పెట్టలు సాధారణంగా పొదగడానికి మొగ్గు చూపవు. ధర అంతా దూరపు నగరాల మోజు మీద ఆధారపడినప్పుడు, ఆ మోజు తీరిన నాడు నష్టపోయేది అడవిలోని రైతే.

ఈ భయం నిరాధారం కాదు. 2012లో తమిళనాడులో ఈము పక్షుల పెంపకం సంస్థలు కుప్పకూలినప్పుడు వేలాది మదుపుదారులు రోడ్డున పడ్డారు. ఆంధ్ర ప్రాంతంలోనూ ఈము పెంపకందారులు కొనేవారు లేక పక్షులకు మేత పెట్టలేక అల్లాడిన రోజులు పాఠకులకు గుర్తుండే ఉంటాయి. 2019లో మహారాష్ట్రలోని సాంగ్లీ ప్రాంతంలో కడక్‌నాథ్ పేరుతోనే రైతులు మోసపోయిన ఉదంతం బయటపడింది. దోషం పక్షిది కాదు. స్థానికంగా తినేవారు, కొనేవారు లేని పక్షి మీద ఆశలు పెంచడమే దోషం.

రెండవది వనరాజా. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన ఈ రకం పెరటి పెంపకానికి ఉద్దేశించినది. నాటు కోడికన్నా త్వరగా బరువు పెరుగుతుంది, గుడ్లూ ఎక్కువే పెడుతుంది. పట్టణాలకు దగ్గరగా ఉండి, పిల్లల సరఫరా సక్రమంగా ఉన్న చోట దీనిని మించినది లేదనవచ్చు. కానీ ఈ పెట్ట పొదగదు. ప్రతిసారీ పిల్లలను బయటి నుంచి తెచ్చుకోవలసిందే. వానకాలంలో వాగులు పొంగితే రాకపోకలు నిలిచిపోయే గూడేలకు ఈ ఏర్పాటు ఎంతవరకు సాధ్యమో అధికారులే ఆలోచించాలి.

మూడవది అసీల్. మనం జాతి కోడి, పందెం కోడి అని పిలుచుకునేది ఇదే. దీని స్వస్థలం ఛత్తీస్‌గఢ్, ఒడిశా, ఆంధ్రప్రదేశ్‌లని దేశవాళీ జాతుల జాబితా పేర్కొంటున్నది. అంటే బస్తర్‌కు ఇది అతిథి కాదు, ఇంటి బిడ్డ. 20 వారాలకు కిలోంపావు వరకు తూగుతుంది. పూర్తిగా ఎదిగిన పుంజు నాలుగైదు కిలోలకు చేరగలదు. పెట్ట చక్కగా పొదిగి, పిల్లలను గద్ద నుంచి, పిల్లి నుంచి కాపాడుకుంటుంది. దీని లోపాలనూ దాచనక్కరలేదు. ఎదుగుదల నిదానం. గుడ్లు తక్కువ. ఎదిగిన పుంజులను ఒకే గూట్లో ఉంచితే ఒకదానినొకటి చంపుకుంటాయి. అయినప్పటికీ పెట్టుబడి లేని ఇంట, మేత కొనే స్తోమతు లేని చోట తనను తాను పోషించుకుని, తన సంతతిని తానే పెంచే పక్షికి మించిన ఆస్తి ఏముంటుంది?

అయితే అసీల్‌ను సమర్థించడమంటే కోడిపందేలను సమర్థించడమేనా అన్న ఆక్షేపణ రావడం సహజం. కాదని స్పష్టంగా చెప్పవలసి ఉంది. జంతువులను పోట్లాటకు పురికొల్పడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరం. 2016 డిసెంబరులో ఉమ్మడి హైకోర్టు కోడిపందేలను అరికట్టవలసిందిగా ఆదేశించింది. అయినా ఏటా సంక్రాంతికి ఏం జరుగుతున్నదో అందరికీ తెలిసినదే. ఇది సంప్రదాయమని వాదించేవారున్నారు. పల్నాటి కథలో కోడిపోరు ఉన్నమాట నిజమే. ఆ పోరు రాజ్యాలను ఏ గతికి తెచ్చిందో కూడా ఆ కథే చెబుతున్నది. బరిలో కత్తి గెలుస్తున్నదే కాని కోడి గెలవడం లేదు. ఏడాదిపాటు సాకిన పుంజు క్షణాల్లో కూలిపోతే, దానితోపాటు కూలీ డబ్బులూ పందెం రాయుళ్ల పాలవుతున్నాయి.

అదే సమయంలో ఒక చేదు నిజాన్ని విస్మరించరాదు. తరతరాలుగా ఈ జాతి స్వచ్ఛతను కాపాడినది బరిలోని పోటీయే. మేలైన పుంజు ఏదో, దేనితో జత కట్టాలో పెంపకందారులు గుర్తుంచుకున్నది పందెం కోసమే. కాకి, డేగ, నెమలి, సేతువ అంటూ ఈకల రంగును బట్టి మనవారు పెట్టుకున్న పేర్లు ఆ శ్రద్ధకు నిదర్శనం. పందేన్ని మాత్రమే నిషేధించి ఊరుకుంటే ఆ శ్రద్ధ కూడా అంతరిస్తుంది. అప్పుడు జాతి మిగలదు.

దీనికి మార్గం చరిత్రలోనే ఉంది. ఇంగ్లండు 1835లో కోడిపందేలను చట్టరీత్యా నిషేధించింది. అక్కడి పెంపకందారులు క్రమంగా ప్రదర్శనల వైపు మళ్లారు. పక్షి నిలబడే తీరు, రొమ్ము వెడల్పు, కాళ్ల బలం, ఈకల మెరుపు చూసి బహుమతులివ్వడం ఆనవాయితీ అయింది. మన దేశం నుంచి తీసుకువెళ్లిన అసీల్ కోళ్లను కార్న్‌వాల్ ప్రాంతంలో స్థానిక జాతులతో సంకరపరచగా పుట్టినదే కార్నిష్ కోడి. పోరుకు కొరగాకపోయినా, వెడల్పైన రొమ్ముతో అది మాంసానికి సాటిలేనిదిగా పేరు పొందింది. నేడు ప్రపంచమంతటా తింటున్న బ్రాయిలర్ కోడికి మూలపురుషులలో ఈ కార్నిష్ ఒకటి. మన బరిలోని పక్షి కత్తిని వదిలి పరాయి దేశపు ప్రదర్శనశాలకు వెళ్లి, అక్కడి నుంచి లోకమంతటి వంటిళ్లకూ చేరిందన్న మాట. తమిళనాడులో సైతం చిలుక ముక్కు, పొడవు తోక గల అసీల్ కోళ్లకు కత్తి లేని ప్రదర్శనలు జరుగుతున్నాయి. ఆ పుంజులకు పలికే ధర పందెం పుంజులకు తీసిపోదు.

కనుక బస్తర్‌లో చేయవలసినది ఇది. 75 రోజుల పాటు సాగే దసరా ఉత్సవాలకు అడవి నలుమూలల నుంచి జనం జగదల్‌పూర్‌కు వస్తారు. అక్కడా, ఊరూరా జరిగే మడయి జాతరలలోనూ అసీల్ ప్రదర్శన పోటీలు నెలకొల్పాలి. న్యాయనిర్ణేతలలో పశువైద్యులతోపాటు పుంజుల గుణం ఎరిగిన గిరిజన పెద్దలు ఉండాలి. గెలిచిన పుంజును మేలుజాతి తండ్రిగా గుర్తించి, దాని పిల్లలకు మంచి ధర వచ్చే ఏర్పాటు చేయాలి. గెలవని పుంజులకు సంతలో నాటుకోడి ధర ఎలాగూ ఉండనే ఉంది. ఎండలు ముదిరేలోగా గూడెం గూడెంకూ కొక్కెర తెగులు టీకా అందించాలి. ఒక్క తెగులు సోకితే ఊరి కోళ్లన్నీ తుడిచిపెట్టుకుపోయే చోట ఏ జాతి మేలన్న చర్చకు అర్థమే ఉండదు.

2019 పశుగణన ప్రకారం దేశంలోని 85 కోట్ల కోళ్లు తదితర పక్షులలో దాదాపు 32 కోట్లు పెరటివే. 2012తో పోలిస్తే ఇవి 45 శాతానికి పైగా పెరిగాయి. అయినా 2021లో సవరించిన జాతీయ పశుసంపద పథకం కింద గ్రామీణ కోళ్ల పెంపకానికి రాయితీ పొందాలంటే కనీసం వెయ్యి తల్లి కోళ్ల కేంద్రం పెట్టాలి. పది కోళ్లున్న ముసలమ్మకు ఆ పథకంలో చోటెక్కడ? పెద్ద కేంద్రాలు వద్దనడం లేదు. వాటితోపాటు, జాతిని ఇన్నాళ్లూ తన చూరు కింద కాపాడిన గడపకు కూడా ప్రభుత్వ దృష్టి చేరాలన్నదే వినతి.

కడక్‌నాథ్‌ను కొనేవారున్న చోట పెంచవచ్చు. వనరాజాను దారి ఉన్న చోట పెంచవచ్చు. దారీ, బేరగాడూ లేని గూడేనికి మాత్రం అసీల్ ఒక్కటే మిగులుతుంది. ఆ కోడి కాలికి కత్తి విప్పి, మెడలో పతకం వేయగలిగితే అటు చట్టమూ నిలుస్తుంది, ఇటు జాతీ నిలుస్తుంది.