వేబరు పండితుడు – పూర్వపక్షమును చదువవలసిన తీరు

సంస్కృతవాఙ్మయ చరిత్రమును గూర్చి మన ప్రాచ్యకళాశాలలలో జరుగు ప్రసంగములందు పాశ్చాత్యపండితుల పేర్లు రెండు విధములుగ వినవచ్చుచుండును. కొందరు వారి మాటను ఆప్తవాక్యముగ స్వీకరింతురు. మరికొందరు వారి పేరు చెప్పగనే ముఖము త్రిప్పుకొందురు. వారి గ్రంథములను చదువకుండుటలో మాత్రము ఈ ఇరుతెగలవారికిని ఏకాభిప్రాయము కలదు. ఈ రెండు పద్ధతులును మన శాస్త్రసంప్రదాయమునకు విరుద్ధములే. విషయము, సంశయము, పూర్వపక్షము, సిద్ధాంతము, సంగతి అని మీమాంసకులు అధికరణమునకు ఐదంగములు చెప్పిరి. పూర్వపక్షమును యథాతథముగ నిలుపనివాడు సిద్ధాంతమును నిలుపజాలడు. జర్మను సాహిత్యచరిత్రకారుడగు ఆల్బ్రెక్ట్ వేబరు కృషిని ఈ దృష్టితో పరిశీలింపవలయునని నా మనవి.

వేబరు 1825 ఫిబ్రవరి 17వ తేదీన బ్రెస్లౌ నగరమున జన్మించెను. ఆ నగరము నేడు పోలెండు దేశములో నున్నది. బ్రెస్లౌ, బాన్, బెర్లిన్ విశ్వవిద్యాలయములలో చదివి, 1848 నుండి బెర్లినులో బోధించి, 1867లో అచ్చటనే పూర్ణాచార్యపదవి నందెను. 1901 నవంబరు 30వ తేదీన ఆ నగరముననే దివంగతుడయ్యెను. కలకత్తాలో న్యాయాధిపతిగ నుండిన రాబర్టు చేంబర్సు సేకరించిన తాళపత్ర, కాగితపు ప్రతులను ప్రష్యారాజు 1842లో కొనిపించెను. వానితో కూడిన బెర్లిను రాజగ్రంథాలయపు సంస్కృతప్రతులకు వేబరు 1853లో వివరణాత్మకసూచిని వెలువరించెను. శుక్లయజుర్వేదమునకు సంబంధించిన వాజసనేయిసంహితను మహీధరభాష్యముతోను, శతపథబ్రాహ్మణమును, కాత్యాయన శ్రౌతసూత్రమును 1849 నుండి 1859 వరకు పదేండ్లలో పరిష్కరించి ముద్రించెను. మన తెలుగునాట వేదాధ్యయనపరులలో అధికసంఖ్యాకులు తైత్తిరీయశాఖీయులు. ఆ సంహితను సైతము 1871, 1872 సంవత్సరములలో ఆయన రోమను లిపిలో ప్రకటించెను. గురుముఖమున వల్లె వేసినవానికి ఆ ముద్రణము అక్కరలేకపోవచ్చును. కాని ఆ శ్రమ శ్రమయే.

1851–52 శీతకాలమున బెర్లినులో చేసిన ఉపన్యాసములను వేబరు భారతీయ సాహిత్యచరిత్రముగ 1852లో ప్రచురించెను. అప్పటికి ఆయన వయస్సు ఇరువదియేడు. వాఙ్మయమును వైదికకాలము, సంస్కృతకాలము అని రెండుగ విభజించి, వేదభాగమును శాఖాక్రమమున వివరించెను. దీని ఆంగ్లానువాదము 1878లో వెలువడినది. ఆ గ్రంథరచనాకాలమున భాసనాటకములు వెలుగు చూడలేదు. కౌటిలీయార్థశాస్త్రము దొరకలేదు. మధ్య ఆసియా ఇసుకలో అశ్వఘోషుని నాటకఖండములు నిద్రించుచుండెను. కనుక నాటకాదులను గూర్చి ఆయన చేసిన నిర్ణయములు పెక్కు నేడు నిలువవు. ఇది ఆయన దోషము కాదు, సామగ్రీలోపము.

ఆయన దోషమన్నది వేరొకచోట నున్నది. 1870లో రామాయణమును గూర్చి వ్రాసిన ప్రబంధమున, బౌద్ధుల దశరథజాతకమే రామకథకు మూలరూపమనియు, సీతాపహరణము, లంకాముట్టడి అను అంశములు హోమరు కావ్యములందలి హెలెను అపహరణము, ట్రాయి ముట్టడి అను కథల ప్రభావమున చేరి యుండుననియు ఊహించెను. ఇచ్చట హేతువు సాదృశ్యము మాత్రమే. భార్యను ఒకడు ఎత్తుకొనిపోవుట, భర్త సేనతో వెళ్లి కోటను ముట్టడించుట అనునవి ఏ దేశమునందైనను పుట్టదగిన కథలు. సాదృశ్యమొక్కటే కార్యకారణభావమును సాధింపజాలదు. తర్కమున ఇట్టిదానిని సవ్యభిచారహేతువందురు.

ఈ వాదమునకు సమాధానము చెప్పినవారిలో కాశీనాథ త్ర్యంబక తెలంగు స్మరణీయుడు. 1873లో, ఇరువదిమూడేండ్ల వయస్సున, రామాయణము హోమరునుండి గ్రహింపబడినదా అను ప్రశ్ననే శీర్షికగ నుంచి ఆయన ఒక గ్రంథము వ్రాసెను. పరమతమును నిందింపలేదు, వేబరు యుక్తులను తీసికొని, వానిని పరీక్షించి ఖండించెను. అటుపిమ్మట 1893లో జర్మను పండితుడే యగు హెర్మన్ యాకోబి సైతము రామాయణమును గూర్చి వ్రాసిన తన గ్రంథమున వేబరు పక్షమును నిరాకరించెను. స్వదేశీయుడు, విదేశీయుడు అను భేదమును బట్టికాక ప్రమాణమును బట్టి ఆ వాదము తొలగినది. మనకు అనుసరణీయమైన మార్గమిదియే.

వేబరు చెప్పిన యవనప్రభావమంతయు త్రోసిపుచ్చదగినదా యనిన, కాదు. జ్యోతిషమున హోరా, కేంద్ర, జామిత్ర, ద్రేక్కాణాది శబ్దములు గ్రీకు భాషనుండి వచ్చినవే. ఇచ్చట శబ్దములే సాక్ష్యము పలుకుచున్నవి. యవనులు ఈ శాస్త్రమున ప్రవీణులని వరాహమిహిరుడే బృహత్సంహితలో గౌరవముతో చెప్పియున్నాడు. ఒకే పండితుని ఒకే విధమగు వాదము ఒకచోట నిలిచి, మరియొకచోట కూలుటకు కారణము ప్రమాణబలాబలములే. దీనిని విద్యార్థికి చూపుటకంటె మంచి పాఠము వేరొకటి లేదు.

వేబరు కృషిలో మన తెలుగువారికి మిక్కిలి సమీపమైనది గాథాసప్తశతీ పరిష్కరణము. శాతవాహనరాజగు హాలుని పేర నున్న ఈ ప్రాకృతసంకలనమును గూర్చి ఆయన 1870లో మొదట వ్రాసి, 1881లో సంపూర్ణముగ పరిష్కరించి లైప్‌జిగ్‌లో ప్రచురించెను. భిన్నశాఖల ప్రతులను పోల్చిచూడగా, పేరునకు ఏడువందలైనను అన్నింటిలో కలిపి 964 గాథలు తేలినవి. అన్ని శాఖలకును సమానమైనవి సుమారు 430 మాత్రమే. తక్కినవి కాలక్రమమున చేరుచు, తొలగుచు వచ్చినవన్నమాట.

ఈ సంఖ్యల విలువ మనము గుర్తింపవలసియున్నది. గాథాసప్తశతియందు అత్త, పొట్ట వంటి తెలుగుపదములు కలవని, అవియే మన భాషకు ప్రాచీనతమ సాక్ష్యములని మనము సభలలో గర్వముతో చెప్పుచుందుము. తిరుమల రామచంద్రగారు ఈ పదములను గూర్చి ప్రత్యేకముగ గ్రంథమే రచించిరి. కాని ఒక పదమును హాలుని కాలపు తెలుగుగ చూపుటకు ముందు, అది గల గాథ సర్వశాఖాసాధారణమా, ఏకశాఖామాత్రస్థితమా యని చూడవలయును. ఏదో యొక ప్రతిలో మాత్రమే కనబడు గాథ తరువాతి శతాబ్దులలో చేరినదై యుండవచ్చును. సర్వశాఖలలో నున్న గాథ సైతము శాఖాభేదమునకు పూర్వపుదని మాత్రమే తేలును. హాలుని నాటిదేయని తేలదు. అదిగాక ఆ పదము తెలుగుదేయా, మహారాష్ట్రాది భాషలకును పొత్తైన దేశ్యమా యని వేరుగ విచారింపవలయును. ఈ మెట్లు దాటక చేసిన ప్రాచీనతాప్రతిపాదనము, హోమరును గూర్చి వేబరు చేసిన ఊహకంటె దృఢమైనది కాజాలదు. పరుల సాదృశ్యహేతువును ఖండించి, మనకు ప్రియమైనచోట ఆ హేతువునే ఆదరించుట న్యాయము కాదు.

కావున మన కళాశాలల సాహిత్యచరిత్ర పాఠ్యక్రమమున రెండు మార్పులు జరుగవలయునని నా అభిప్రాయము. మొదటిది, నోట్సులలోని ఒకటిరెండు వాక్యములకు మారుగ, వేబరు రామాయణప్రబంధమును, తెలంగు సమాధానమును ప్రక్కప్రక్కన నుంచి విద్యార్థిచే పూర్తిగ చదివింపవలయును. రెండింటికిని ఆంగ్లపాఠములు కలవు. రెండవది, గాథాసప్తశతిలోని దేశ్యపదములను ఒక్కొక్కటిగ తీసికొని, అవి గల గాథలు వేబరు చూపిన ఏయే శాఖలలో నున్నవో పట్టిక వేయు పనిని పరిశోధకులకు అప్పగింపవలయును. దీనికి ప్రాకృతజ్ఞానము, ఓర్పు చాలును. గొప్ప ధనము అక్కరలేదు. ఫలితము మన కోరికకు అనుకూలమైనను ప్రతికూలమైనను ప్రకటింపవలయును. అప్పుడు మిగిలిన పదములు పదియే యైనను, వానిని ఎవ్వరును కదలింపజాలరు.