దుర్భిణి మార్చవలెనా?

శీతకాలంలో శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం చెట్లు గూడబాతుల గూళ్లతో నిండిపోతవి. ఇండ్ల నడుమ వాలిన ఆ పెద్ద పక్షులను చూచుటకు కండ్లే చాలును. అవి మేతకు పోయే నౌపడా చిత్తడినేలలో దూరాన తిరుగాడే ఉల్లంకిపిట్ట ఏ జాతిదో తేల్చుటకు మాత్రం దుర్భిణి కావలెను.

ఏండ్ల తరబడి వాడిన దుర్భిణి మసకబారగానే, ఇంకా పెద్దదిగా చూపేది కొనవలెనని తోచుట సహజం. అయితే 60 మిల్లీమీటర్ల కటకం 20 రెట్లు పెంచి చూపినప్పుడు కంటికి చేరే కాంతిపుంజం వ్యాసం 3 మిల్లీమీటర్లు; 60 రెట్లు పెంచితే 1 మిల్లీమీటరే. పిట్ట పెద్దదవుతుంది, వెలుగు తగ్గుతుంది. పైగా ఎండ ముదిరితే ఉప్పుమడుల మీది గాలి అల్లాడుతుంది. పెద్ద దుర్భిణి ఆ అల్లాటను కూడా పెద్దది చేసే చూపుతుంది.

కనుక ముందుగా ముక్కాలి స్టాండు సముద్రపు గాలికి కదలుచున్నదేమో చూడవలెను. తరువాత కటకం. తేమకు లోపల పట్టిన బూజు పైపైన ఉంటే నేర్పరి తుడిచివేయగలడు. గాజునే తినివేస్తే మార్చక తప్పదు. అప్పుడైనా రెట్లకన్న కటకం వెడల్పునూ, తేమ చొరని బిగింపునూ చూచి కొనుట మేలు.

పిట్ట స్పష్టంగా కనబడనివాడు తెలియకుండానే అడుగు ముందుకు వేస్తాడు. పిట్టలు మేత విడిచి లేచిపోతవి. ఆ అడుగు వేయించే దుర్భిణిని మార్చవలసినదే. వేయించనిది ఎంత పాతదైనా ఉంచుకొనదగినదే.