సి గ్రేడ్ ఎవరికి?

సంతబొమ్మాళి మండలంలో ఒక బడి. నౌపడా ఉప్పు మడుల వైపు కూలికి దిగొచ్చిన మన సవర కుటుంబం పిల్ల అక్కడ మూడో తరగతి. ఆ రోజు తెలుగులో 'వినడం' పరీక్ష. మాస్టారు ఓ కథ గబగబా చదివి, "కుందేలు ఎందుకు విచారించింది?" అని అడిగారు. పిల్ల నేల చూసింది. గొంతు పెంచి మళ్ళీ అడిగారు. పిల్ల తల ఇంకా వాలిపోయింది. రిజిస్టరులో సి పడింది.

అంతలో గాలి విసురుగా కొట్టింది. రాస్తున్న మాస్టారు తలెత్తకుండానే, "పాపా, కుర్సీ కింద సుద్దముక్క తీసి కిటికీలో ఎట్టి, తలుపు దగ్గిరకేసి రా" అన్నారు. పిల్ల మూడు పనులూ వరసగా చేసొచ్చి కూర్చుంది. వెనక బెంచీ మీద నేనున్నాను. ఆ మూడు పనులకు ఏ గడిలోనూ మార్కు లేదు.

మనలో కొందరం ఆ రిజిస్టరు రాసేవాళ్ళమే, కాబట్టి దాపరికం వద్దు. అది వినడం పరీక్ష కాదు. పుస్తకం మాట తెలుసా, కథంతా గుర్తుందా, అందరి ముందూ తెలుగులో నోరు విప్పే ధైర్యం ఉందా అని మూడు పరీక్షలు పెట్టి ఒకే మార్కు వేశాం. 'దిగులు పడింది' అని ఉంటే ఆ పిల్ల చెప్పేదేమో, ఎవరడిగారు?

పైగా సంభాషణలో వినడం ఇద్దరి పని. అర్థం కానప్పుడు "ఏటండీ, మళ్ళీ సెప్పండి" అనడం రెండో భాష నేర్చేవాళ్ళకు పెద్ద నేర్పు. సంతలో మన అమ్మలు బేరం తెంపేది అలాగే. బడిలో అడిగితే మాత్రం మార్కు కోత.

లెక్కల మాట వస్తే మరీ అన్యాయం. సవరలో పన్నెండు దాకా లెక్కపెట్టి, పదమూడును పన్నెండు మీద ఒకటి అంటాం. ముప్పై రెండు మనకు ఇరవై మీద పన్నెండు. తెలుగులో ముప్పై రెండని విన్న పిల్ల ఒక క్షణం ఆగితే, ఆ క్షణంలో ఒక లెక్కలోంచి ఇంకో లెక్కలోకి మారుస్తోంది. మనం దాన్ని మందబుద్ధి అంటున్నాం.

తెలుగు రాకపోతే పై చదువులెలా అంటారు. రావాలి, వద్దన్నదెవరు? వచ్చిందో లేదో సరిగా కొలవమంటున్నాం. నిదానంగా రెండుసార్లు చెప్పండి. బొమ్మ చూపించమనండి, పని చేయించండి. జవాబు సవరలో చెప్పినా తీసుకోండి, విన్నది తెలుగే కదా. తిరిగి అడిగితే మార్కు కలపండి. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ వీలైనంత వరకు అమ్మభాషలో బోధన ఉండాలంది, పిల్లలకు భయం లేకుండా చెయ్యాలంది. నిరంతర మూల్యాంకనం మాట కూడా ఆ సెక్షన్‌లోదే. బళ్ళు పట్టుకున్నది చివరి ముక్క ఒక్కటే.

ఏటా ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పంతులుగారి ఫొటోకి దండ వేస్తాం. తెలుగు భాషా దినోత్సవం. సవరవాళ్ళ మాట వినడానికి మన్యంలో తిరిగి, జ్వరం పట్టి, క్వినైన్ మింగి వినికిడి పోగొట్టుకున్న మనిషి ఆయన. మన భాషకు వ్యాకరణం రాశాడు. దండ వేసిన చేత్తోనే మన పిల్లకు సి వేస్తున్నాం.

వచ్చే ఆగస్టు 29న ఒక పని చేద్దాం. ఆ పిల్ల సవరలో ఓ కథ చెబుతుంది. మాస్టార్లు విని మూడు ప్రశ్నలకు జవాబు చెప్పాలి, తెలుగులోనే చెప్పొచ్చు. సి వచ్చినా ఊళ్ళో చెప్పంలెండి.