పట్నం మెట్రోలో దుబాయి పెట్టెకు జాగ ఉందా?

పెద్దకొడప్‌గల్

శంషాబాద్ విమానాశ్రయానికి మెట్రో ఎటు నుంచి పోవాలి? రాయదుర్గం నుంచా, పాతబస్తీ మీదుగానా? 2022 నుంచి పట్నంలో ఇదే లొల్లి. రెండు సర్కార్లు, రెండు నక్షలు, రెండు వర్గాల మేధావులు. ఇంత లొల్లిలో వినబడని ముచ్చట ఒక్కటే. ఆ విమానాశ్రయానికి పెట్టె మోసుకొని పోయేది ఎవరు?

సాఫ్ట్‌వేర్ ఉద్యోగి పోతాడు, కాదనం. ఆయనకు క్యాబ్ ఉంది. కానీ దుబాయి, మస్కట్, దోహా, రియాద్ విమానాల కోసం అర్ధరాత్రి బారులు తీరే జనాన్ని ఒక్కసారి చూడండి. తాడుతో కట్టిన పెట్టె మీద పేరు, ఊరు మార్కర్‌తో రాసుకున్న మనుషులు. కామారెడ్డి, నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల పల్లెల బిడ్డలు. బాకీ తెచ్చి ఏజెంటుకు కట్టి, భూమి కుదువబెట్టి వీసా కొనుక్కున్నవాళ్లు. శంషాబాద్ వాళ్లకు షాపింగ్ మాల్ కాదు. పెండ్లాం పిల్లలను విడిచిపోయే గడప. కొందరు శవపేటికలో తిరిగొచ్చేదీ ఆ గడపకే. గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబాలకు 5 లక్షల సాయం ఇస్తామని 2024లో సర్కారే ఉత్తర్వు ఇచ్చిందంటే, ఆ రాకపోకలు ఎంతటివో వాళ్లకు తెలియక కాదు.

మా దారి చూడండి. జుక్కల్ నియోజకవర్గంలో రైలు పట్టా లేదు. బోధన్ నుంచి బీదర్‌కు లైన్ వేయాలన్న డిమాండ్ సర్వేల ఫైళ్లలోనే ముసలిదైపోయింది. ఉన్నది 161 నంబరు జాతీయ రహదారి. పెద్దకొడప్‌గల్‌లో బస్సెక్కితే పిట్లం, జోగిపేట, సంగారెడ్డి దాటి పటాన్‌చెరు, మియాపూర్ చేరుతాం. అంటే పట్నానికి ఈ కొసన దిగుతాం. విమానాశ్రయం ఆ కొసన ఉంది. 2008 మార్చి దాకా బేగంపేటలో ఉండేది, ఊరి నడుమ. దాన్ని మూసి, దాదాపు 5,500 ఎకరాల్లో శంషాబాద్‌లో పెట్టారు. అప్పుడే రైలు కూడా వేయాలన్న సోయి పాలకులకు లేకపోయింది.

సోయి వేరే దాని మీద ఉండె. అదే 2008లో మెట్రో కాంట్రాక్టు మైటాస్‌కు దక్కింది. ప్రపంచమంతా మెట్రో కట్టేవాళ్లకు సర్కార్లు పైసలిస్తుంటే, ఈ కంపెనీ మాత్రం సర్కారుకే 30,311 కోట్లు ఎదురు కడతానంది! ఢిల్లీ మెట్రో కట్టిన శ్రీధరన్ అప్పుడే ప్రణాళికా సంఘానికి లేఖ రాశాడు. ఇది రైలు బేరం కాదు, భూముల బేరం అన్నది ఆ లేఖ సారం. నాటి ఆంధ్రప్రదేశ్ సర్కారు ఏం చేసింది? ఆ పెద్దమనిషి మీదనే కేసు పెడతామని గుడ్లురిమింది. నాలుగు నెలలు తిరగకముందే సత్యం కుంభకోణం బద్దలైంది. 2009 జులైలో కాంట్రాక్టు రద్దయింది. శ్రీధరన్‌కు క్షమాపణ చెప్పినోడు లేడు.

2010లో ఎల్ అండ్ టీ వచ్చింది. డిపోలకు, స్టేషన్లకు, మాల్స్‌కు కలిపి 269 ఎకరాలు వెళ్లాయి. 2017 నవంబరులో రైలు కదిలింది, 2020 నాటికి 69 కిలోమీటర్లయింది. అందులో పాతబస్తీకి రాసిన అయిదున్నర కిలోమీటర్లు మాత్రం కాగితం మీదే మిగిలాయి. హైటెక్ సిటీకి పోయింది, ఫలక్‌నుమాకు పోలేదు. 2025 సెప్టెంబరులో కంపెనీ నష్టాలని చేతులెత్తేస్తే, దాదాపు 13,000 కోట్ల అప్పుతో సహా మొదటి దశను తీసుకోవడానికి రాష్ట్ర సర్కారు ఒప్పుకుంది. పైగా వాటా కింద కంపెనీకి మరో 2,000 కోట్లు. ఈ అప్పు తీర్చేది మియాపూర్‌లో మెట్రో ఎక్కేవాడు ఒక్కడేనా? పెద్దకొడప్‌గల్‌లో అగ్గిపెట్టె కొనేవాడు కూడా తీరుస్తాడు. మరి నక్ష గీసేటప్పుడు వాడిని అడిగారా?

2022 డిసెంబరు 9న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ రాయదుర్గం నుంచి శంషాబాద్‌కు 31 కిలోమీటర్ల లైన్‌కు పునాదిరాయి వేశారు. 6,250 కోట్లు అన్నారు. ఏడాది తిరిగేలోగా సర్కారు మారింది, ఆ లైన్ ఆగింది. కొత్త నక్షలో నాగోల్ నుంచి ఎల్బీనగర్, చాంద్రాయణగుట్ట మీదుగా విమానాశ్రయానికి 36.8 కిలోమీటర్లు. ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్టకు మరో ఏడున్నర. నిజం చెప్పాలంటే ఈ మార్పు న్యాయమైనది. పేదలుండే గల్లీల మీదుగా పోయే రైలును తప్పు పట్టేది లేదు. పాతబస్తీ మీద వివక్షను మేము ఎన్నడూ ఒప్పుకోలేదు.

అయితే అదే 76.4 కిలోమీటర్ల, 24,269 కోట్ల ప్రతిపాదనలో రాయదుర్గం నుంచి కోకాపేట నియోపోలిస్‌కు 11.6 కిలోమీటర్లు ఎందుకు దూరింది? ఎకరం 100 కోట్ల 75 లక్షలకు 2023లో సర్కారు వేలం పాడిన జాగ అది! ఆ పాట పాడినోళ్లు బస్సు దొరక్క ఏడుస్తున్నారా? దాని తోకకు విమానాశ్రయం నుంచి ఫ్యూచర్ సిటీ దాకా మరో 40 కిలోమీటర్ల ముచ్చట. ఇంకా ఇండ్లు లేవని సర్కారే చెప్పే సిటీకి ముందుగా రైలు! మైటాస్ పోయింది గానీ మైటాస్ బుద్ధి పోలేదు. రాష్ట్రం మనది అయినంక కూడా రైలు భూముల వెంబడే పరుగెత్తితే, మనం కొట్లాడి తెచ్చుకున్నది దేనికి?

అగ్గువ రైలు లేకనా? ఎంఎంటీఎస్ ఉంది, 5 రూపాయలకు టికెట్ మొదలయ్యే బండి. రెండో దశలో అది విమానాశ్రయం దాకా పోవాలని రాసుకున్నారు. లోపలికి పట్టాలు వేయడానికి విమానాశ్రయ యాజమాన్యం సమ్మతి దొరకలేదు. బండి ఉందానగర్ దగ్గరే ఆగిపోయింది. కార్లకు మాత్రం మెహదీపట్నం నుంచి 11 కిలోమీటర్లకు పైగా ఫ్లైఓవర్ 2009లోనే పూర్తయింది. కార్లకున్న మర్యాద పేదల బండికి లేదు. ఇక మెట్రో ఛార్జీ 2025 మేలో గరిష్ఠంగా 60 నుంచి 75కు పెంచి, జనం తిట్టినంక 69 చేశారు.

కాబట్టి మా మాట సూటిగా వినండి. పెద్దకొడప్‌గల్‌కు మెట్రో అడగడం లేదు, అంత పిచ్చివాళ్లం కాదు. రెండో దశలో మియాపూర్–పటాన్‌చెరు 13.4 కిలోమీటర్లు ఉంది. కోకాపేట కన్నా ముందు అది కట్టాలి. పటాన్‌చెరు స్టేషన్‌కు ఆనుకునే జిల్లా బస్సుల స్టాండ్ ఉండాలి. పటాన్‌చెరులో ఎక్కినోడు విమానాశ్రయం చేరాలంటే ఎల్బీనగర్‌లోనో, ఎంజీబీఎస్, చాంద్రాయణగుట్టల్లోనో బండి మారాలి. ముప్పై కిలోల పెట్టెతో ఆ మెట్లు ఎక్కి దిగాలి. లిఫ్టులు, పెట్టెలకు డబ్బాలో జాగ ఇప్పుడే నక్షలో పెట్టాలి. మెట్రో రాత్రి 11కు ముగుస్తుంది, గల్ఫ్ విమానాలు ఎన్నో అర్ధరాత్రి దాటినంకనే లేస్తాయి. రాత్రి నడవని విమానాశ్రయ రైలు మాకెందుకు? రైలు వచ్చేదాకా పటాన్‌చెరు నుంచి ఔటర్ రింగు రోడ్డు మీద, మన జిల్లా బస్సులకు అందేటట్టు, తెల్లందాకా ఆర్టీసీ బస్సులు నడపాలి. దానికి జపాన్ అప్పు అక్కరలేదు.

జిల్లాలవాళ్లకు పట్నం మెట్రోతో పనేమిటని కొందరు మూతి తిప్పుతారు. 1965 నుంచి పట్నం తాగుతున్న మంజీరా నీళ్లు ఎవరివి? సింగూరు నింపి పట్నానికి పంపినప్పుడు, నిజాంసాగర్ కింది మళ్లు నోరు తెరిచి చూసినప్పుడు, మీ నీళ్లతో మాకు పనేమిటని పట్నం అనలేదు కదా!

రెండో దశ ఫైలు 2024 నవంబరులో ఢిల్లీకి పోయి 2025 అంతా అక్కడే నానింది. జహీరాబాద్ ఎంపీ అక్కడున్నారు, జుక్కల్ ఎమ్మెల్యే ఇక్కడున్నారు. కోకాపేట ముందా, పటాన్‌చెరు ముందా అని ఇద్దరూ సభల్లో అడగాలి. ఏం జవాబు వచ్చిందో పిట్లం చౌరస్తాలో నిలబడి మాకు చెప్పాలి.